ఎర్రగీత ఎందుకు దిగింది

గడిచిన వారం కృపాకుమారిని మనం చప్పట్ల మధ్య వదిలివచ్చాం. ఆమె పనిచేసేది అనంతపురంలో, పల్లెలకు మంచినీటి ప్లాంట్లు నడిపే కంపెనీలో. మీటింగు గది గోడ మీద పెద్ద తెర, తెర మీద రెండు గీతలు. ఆ వారం పల్లెల నుంచి కొత్తగా వచ్చిన ఫిర్యాదులు ఎర్రగీత. బాగుచేసి మూసేసినవి ఆకుపచ్చ గీత. ఓనరు ఓబులేసు కొడుకు ప్రణీత్ లేచి నిలబడి, "చూడండప్పా, ఎండాకాలంలో కూడా ఆకుపచ్చ గీతే పైన ఉండాది! సోమవారం గవర్నమెంటు ఆఫీసర్లు వచ్చి ఈ చార్టు చూసినారంటే ఇంకిన్ని పల్లెలు మనకే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అందరి కళ్ళూ ఆకుపచ్చ గీత మీదే ఉన్నాయి. కృప చూపు మాత్రం ఎర్రగీత దగ్గర ఆగిపోయింది. బోర్లు అడుగంటి, మోటార్లు కాలిపోయే నడివేసవిలో ఫిర్యాదులు పెరగాలి గానీ తగ్గడమేమిటి? ఆఫీసులో ఈ ఫిర్యాదుల లెక్క చూసేది తనే. తనకు తెలియకుండా ఆ గీతను ఎవరు కిందికి లాగుతున్నారు? సోమవారానికి ముందే ఒక పల్లెకు పోయి తన కళ్ళతో చూడాలనుకుంది. ఎవరికీ చెప్పలేదు. అదే కంపెనీలో మరమ్మతుల సూపర్‌వైజరుగా ఉన్న తన మొగుడు శశికుమార్‌కు కూడా చెప్పలేదు.

శనివారం పొద్దున్నే ఆమె కణేకల్ బస్సెక్కింది.

ఉరవకొండ దాటాక ఫోన్ మోగింది. శశికుమార్.

"కృపా, యాడుండావ్?"

కిటికీలోంచి గాలిమరలు కనిపిస్తున్నాయి. ఆమె నోటికి అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది. "పామిడికి పోతాండా బావా. అమ్మకు ఒంట్లో బాగలేదంట."

అవతల కాసేపు మాట లేదు. లైను తెగిందేమోనని ఆమె ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. తెగలేదు.

"సరే, జాగర్త" అన్నాడతను చివరికి. మేనమామ కొడుకే మొగుడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన గొంతు. ఆ గొంతులో అంత ఆలస్యాన్ని ఆమె ఎప్పుడూ వినలేదు. నా అబద్ధం తెలిసిపోయిందా, లేక అతని దగ్గరే ఏదో ఉందా? దిగే దాకా ఆ ఆలోచన ఆమెను వదల్లేదు.

సిద్ధరామపల్లిలో దిగేసరికి ఎండ ముదిరింది. కాలువ నీళ్ళు కిందనే, కణేకల్ పొలాల్లోనే ఆగిపోతాయి. మెరకన ఉన్న ఈ పల్లెకు బోరే గతి. పోయిన వేసవిలో అన్ని పల్లెల కంటే ఎక్కువ ఫిర్యాదులు వచ్చింది ఇక్కడి నుంచే. ఈ వేసవిలో చార్టు కింది ఊర్ల పట్టీలో దీని పేరే లేదు. అందుకే ఆమె దీన్ని ఎంచుకుంది.

ప్లాంటు గది గోడ మీద కంపెనీ ఫోన్ నంబరు ఇంకా పెద్ద పెద్ద అంకెల్లో ఉంది. దాన్ని పెయింటరు పక్కన నిలబడి రాయించింది కృపే. అంతకు ముందు ఫిర్యాదులు ఎవరి సెల్‌ఫోనుకో వచ్చి, వాళ్ళు మరిచిపోతే అంతటితో పోయేవి. ప్రతి ఫిర్యాదునూ కంప్యూటర్లో ఒక టికెట్టుగా ఎక్కించాలి, పని అయ్యాకే దాన్ని మూయాలి, వారం వారం ఎన్ని తెరిచామో ఎన్ని మూశామో అందరూ చూడాలి అని పట్టుబట్టి, ఓబులేసును ఒప్పించి ఆ పద్ధతి తెచ్చింది ఆమే. ఆ రెండు గీతలను చూసినప్పుడల్లా ఆమెకు సొంత చేను చూసుకున్నట్టు ఉండేది.

ప్లాంటు మెట్ల మీద ఒక ముసలామె ఖాళీ క్యాను పక్కన పెట్టుకొని కూర్చుంది. కృప మెడలోని కార్డు చూసి ముఖం చిట్లించింది.

"ఏమ్మే, కంపెనీదానివా? ఇన్నాళ్ళకు దావ తెలిసిందా మీకు?"

"ఏమైందవ్వా?"

"అయ్యేదేముండాది? బోరు నీళ్ళే ఈ కొళాయిలోంచి వస్తాండాయి. దుడ్లిచ్చి పట్టుకుంటాండాం, అంతే తేడా. నోట్లో పోసుకో, నీకే తెలుస్తాది."

కృప దోసిట్లో పట్టుకొని ఒక గుక్క తాగింది. ఉప్పు నాలుకకు తగిలి, వెనకనే చేదు గొంతులోకి దిగింది. సంచిలోంచి పెన్నులాంటి చిన్న మీటరు తీసింది. నీళ్ళలో ఎంత ఉప్పు కరిగిందో చూపే మీటరు అది. ముందు బోరు తొట్టిలో ముంచింది, తరువాత ప్లాంటు కొళాయి కింద పెట్టింది. అంకె మారలేదు. ఉప్పునూ ఫ్లోరైడునూ ఆపాల్సిన వడపోత గొట్టం, వాళ్ళ భాషలో మెంబ్రేన్, పనిచేయడం మానేసి చాలా కాలమైందన్నమాట.

"ఫోన్ చేయకపోయినారా అవ్వా?"

"చేయకపోయినామా!" ముసలామెకు కోపం వచ్చింది. "నేనే చేసినా. సుంకమ్మను మాట్లాడతాండానంటే చాలు, ఆ పాప నా గొంతు పట్టేస్తాది. 'రాసుకున్నానవ్వా, వస్తారవ్వా' అంటాది. బో బాగా మాట్లాడతాదిలే. వచ్చేవాళ్ళు మాత్రం ఎవురూ ల్యా."

సుంకమ్మ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయింది. కాళ్ళు రెండూ బయటికి విల్లుల్లా వంగి ఉన్నాయి. కృప చెయ్యి అందిస్తే వద్దంది.

"ఈ బోరు నీళ్ళు తాగే నా కాళ్ళు ఇట్లయినాయి. పెద్దాస్పత్రి డాక్టరు ఇంక ఇవి తిరిగి రావన్నాడు. మిషను పెట్టినప్పుడు ఏమనుకున్నానో తెలుసునా? పోనీలే, నా మనవరాలు పుష్పావతన్నా తిన్నగా నడుస్తాది అనుకున్నా. ఇప్పుడు అది కూడా పొద్దున లేస్తానే కాళ్ళు లాగుతాండాయి అవ్వా అంటాంది." ఆమె గొంతు తగ్గింది. "మేం నీళ్ళు అడిగితే మీకు లోకువైపోతామా తల్లీ?"

సుంకమ్మ క్యాను నింపకుండానే చంకన పెట్టుకొని, వంకర కాళ్ళతో మెల్లగా ఇంటిదారి పట్టింది. ఫోన్లు వస్తున్నాయి. ఎవరో తీస్తున్నారు. రాసుకుంటున్నారు కూడా. ఆ పాప ఎవరో కృపకు బాగా తెలుసు.

*

శనివారం మధ్యాహ్నానికి ఆఫీసు సగం ఖాళీ అవుతుంది. కృప తిరిగి వచ్చేసరికి ఫోన్ల బల్ల దగ్గర అంజలి ఒక్కతే కూర్చొని అన్నం తింటోంది. గోరంట్ల పిల్ల. ఈ ఉద్యోగంలోకి తెచ్చింది కృపే. ఎంత విసుక్కునే వాళ్ళతోనైనా నవ్వు ముఖంతో మాట్లాడుతుందని పేరు.

"సిద్ధరామపల్లి నుంచి ఫోన్లు వస్తాండాయా అంజలీ?"

అంజలి చేతిలోని ముద్ద మధ్యలో ఆగింది. "వస్తాండాయక్కా."

"రాస్తాండావా?"

"రాయకుండా ఎట్లుంటాను? వచ్చింది వచ్చినట్ల ఎక్కిస్తాండా."

"మరి చార్టులో యాడ ఉండాయి?"

అంజలి ఆమె ముఖంలోకి చూసింది. భయం కాదు, ఆశ్చర్యం. "అదేందక్కా, నీకు తెలీదా?"

చెయ్యి కడుక్కొని వచ్చి కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. సిద్ధరామపల్లి. మళ్ళీ సిద్ధరామపల్లి. దాని కింద పక్క పల్లెలు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని, పిల్లలు తాగడం లేదని, పాత్రల్లో తెల్లటి తెట్టు కడుతోందని. ఏదీ పోలేదు. అన్నీ ఉన్నాయి. ప్రతిదాని పక్కన పసుపు రంగు గుర్తు, దాని మీద 'సర్వే' అనే మాట.

"ఈ గుర్తేంది?"

"నీళ్ళ రుచి గురించి ఎవురు చెప్పినా ఇది పెట్టమన్నారు. అవి ఫిర్యాదులు కావంట, జనం ఏమనుకుంటాండారో తెలుసుకునే సర్వే అంట. సర్వేవి చార్టులోకి రావు గదా."

"ఎవురన్నారు?"

అంజలి తల వంచుకొని డబ్బా మూత తిప్పుతూ ఉండిపోయింది.

"అంజలీ, నిన్నే."

"శశన్న." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీ మాటగానే చెప్పినాడక్కా. 'మీయక్క చెప్పమనింది' అన్నాడు. ఒక ఇంట్లో ఉండేవాళ్ళు. నీకు తెలీకుండా ఎట్లుంటాది అనుకున్నా."

ఆ మాట కృపకు చెంపదెబ్బలా తగిలింది. తన కుర్చీలోకి పోయి కూర్చుంది. కంప్యూటర్ తెరిచింది. చార్టు ఏ టికెట్లను లెక్కలోకి తీసుకోవాలో, ఏవి వదిలేయాలో చెప్పే షరతు ఒకటి ఉంటుంది. దాన్ని మార్చే అధికారం ఆమెకు తప్ప ఆఫీసులో ఇంకెవరికీ లేదు. చూసింది. తను రాసిన షరతు చివర, తను రాయని ఒక తోక: సర్వే గుర్తున్నవి వదిలేయాలి.

దాని కింద, మార్చిన వారి పేరు: కృపాకుమారి.

తను మార్చలేదు. అయితే తన పేరుతో ఎవరు మార్చగలరు? ఇంట్లో మంచం మీద తెరిచి పెట్టిన ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది. తను వంటింట్లో ఉంటే, "నీ దాంట్లో రొంత పనుండాది, చేసుకుంటా" అనేవాడు శశి. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. మొగుణ్ణి ఎవరు అడుగుతారు?

"పామిడి నుంచి అప్పుడే వచ్చినావా?"

తలుపు దగ్గర శశికుమార్ నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. అంజలి వాళ్ళిద్దరినీ చూసి, డబ్బా సంచిలో వేసుకొని గబగబా బయటికి పోయింది.

"మీయమ్మతో పొద్దున్నే మాట్లాడినా" అన్నాడతను. "ఆమెకేమీ లేదు. చర్చికి పోతాండా అనింది."

"సిద్ధరామపల్లికి పోయినా" అంది కృప. దాచాలనిపించలేదు. "నా పేరుతో చేసినావు బావా. నా పేరుతో!"

అతను కాదనలేదు. కుర్చీ లాక్కొని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియని మనిషిలా కాసేపు అరచేతులు రుద్దుకున్నాడు.

"తిట్టు. ఎంతన్నా తిట్టు. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు."

"ఎందుకు ముట్టుకోకూడదు? ఓబులేసన్న చెయ్యమన్నాడా? ప్రణీతా?"

"వాళ్ళ కోసం నేనెందుకు చేస్తాను? జోయల్ కోసం చేసినా."

ఆ పేరు ఇందులోకి ఎందుకొచ్చిందో కృపకు అర్థం కాలేదు. జోయల్ ఆమె తమ్ముడు. అమ్మ కూలికి పోతే చంకనేసుకొని తిప్పిన తమ్ముడు. డిప్లొమా అయ్యాక ఇదే కంపెనీలో టెక్నీషియన్‌గా పెట్టించింది. ప్లాంట్లలో మెంబ్రేన్లు మార్చే పని అతనిదే.

శశికుమార్ వంగి, ఆమె కంప్యూటర్లోనే మూసేసిన పాత టికెట్లను తీశాడు. 'కొత్త మెంబ్రేన్ పెట్టాం' అని ఉన్నవి. మూసినవాడు జోయల్. ప్రతిదానికీ ఒక ఫోటో ఉంది.

"ఫోటోలు చూడు."

సిద్ధరామపల్లి. నీలం గోడ, గోడ మీద పెచ్చు లేచిన చోట మేకపిల్ల ఆకారంలో మచ్చ, ముందు తెల్లటి కొత్త గొట్టం. తరువాతి పల్లె. అదే నీలం గోడ, అదే మచ్చ. దాని తరువాతిదీ అంతే. ఏ ఊరు తీసినా ఆ గోడే.

"స్టోర్లోంచి కొత్త మెంబ్రేన్లు పోయినాయి. ప్లాంట్లలోకి మాత్రం చేరలే" అన్నాడు శశికుమార్. "నేను నాలుగు ఊర్లు తిరిగి విప్పి చూసినా. పాతవే ఉండాయి, ఉప్పు పేరుకొని రాయి మాదిరి. ఈ ఫిర్యాదులు ఎర్రగీతలోకి ఎక్కినాయంటే ఆఫీసర్లు ఫస్టు అడిగేదేంది? మొన్ననే గదా కొత్తది పెట్టినారు, అప్పుడే ఎట్ల చెడిపోయినాది అని. ఆ ప్రశ్న నేరుగా జోయల్ కాడికి పోతాది. స్టేషన్లో కూచోబెడతారు వాణ్ణి."

"వాడు అట్లాంటివాడు కాదు."

"నేనూ అట్లే అనుకున్నా. అడిగినా కూడా. నోరు తెరవలే. తల వంచుకొని నిలబడినాడు." అతని గొంతు మెత్తబడింది. "సోమవారం ఒక్కటి గడవనీ కృపా. తర్వాత నేనే దుడ్లు పుట్టిచ్చి కొత్తవి తెప్పిస్తా. ఒక్కో ఊర్లో పెట్టించుకుంటా వస్తా. ఎవురికీ తెలీదు. వాడు బయటపడతాడు, పల్లెలకు నీళ్ళొస్తాయి."

మాటలు నమ్మేటట్టే ఉన్నాయి. భార్య తమ్ముణ్ణి కాపాడుకుంటున్న బావ. ఇంకొక రోజైతే ఆమె ఏడ్చి, అతని చెయ్యి పట్టుకొని ఉండేది. కానీ పొద్దున ఫోనులో విన్న ఆ ఆలస్యం ఇంకా చెవిలోనే ఉంది. జోయల్ టెక్నీషియన్ మాత్రమే. స్టోరు గదిలోకి తనంతట తాను పోలేడు.

"స్టోరు తాళాలు ఎవురి కాడ ఉంటాయి బావా?"

శశికుమార్ ముఖంలో రంగు మారింది. "నన్ను అనుమానిస్తాండావా?"

"పామిడి అని నేను అబద్ధం చెప్పినా. నా పేరు పెట్టి నువ్వు అబద్ధం రాసినావు. జోయల్ అస్సలు మాట్లాడకుండా నిలబడినాడు అంటాండావు. మన ఇంట్లో ఎవురి మాట నమ్మాల్నో నాకు తెలియడం లే."

"నీ తమ్ముడి కోసం ఇంత చేసి, చివరికి నేనే దొంగనా?"

"దొంగ ఎవురో నాకు తెలీదు. ఆ ఊర్లో ఒక బిడ్డకు కాళ్ళు నొప్పులు మొదలైనాయి. అది తెలుసు. సోమవారం గడిస్తే ఇంకొక సోమవారం వస్తాది. అప్పుడు కూడా ఇదే మాట చెప్తావు."

ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది. శశికుమార్ ఆ చేతిని పట్టుకున్నాడు. గట్టిగా కాదు, బతిమాలుతున్నట్టు. కృప ఆ చేతి వైపే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ఆగితే తమ్ముడు మిగులుతాడేమో. మొగుడు కూడా మిగులుతాడేమో. గోడ మీద నంబరు చూసి ఫోన్ చేసిన వాళ్ళు మాత్రం ఇంకెవరికి చెప్పుకుంటారు? ఆ నంబరు రాయించింది తను. మీరు చెప్పండి, మేం వింటాం అని ఊరూరా మాట ఇచ్చింది తను.

ఆమె అతని వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. తరువాత షరతు చివరి తోకను చెరిపేసింది.

చార్టు ఒకసారి ఖాళీ అయి, మళ్ళీ గీసుకుంది. వారాల తరబడి నేల మీద పాకిన ఎర్రగీత నిట్టనిలువుగా లేచింది. ఆకుపచ్చ గీతను దాటింది. పైన చోటు చాలక చార్టు పక్కనున్న అంకెలన్నీ కిందికి జరిగి దారి ఇచ్చాయి. మీటింగు గది గోడ మీది తెరలో కూడా అదే గీత లేవడం అద్దం తలుపులోంచి కనిపించింది. కృపకు కలిగింది భయమో, ఊరటో ఆమెకే తెలియలేదు.

"అయిపోయింది" అన్నాడు శశికుమార్, కుర్చీలో వెనక్కి వాలి. "నీ తమ్ముణ్ణి నీ చేతులతోనే పట్టిచ్చినావు."

"వాణ్ణి నేనే అడుగుతా. నాకు చెప్తాడు."

ఆమె లేచి కిటికీ దగ్గరికి పోయి జోయల్‌కు ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. ఇంక ఎత్తడేమో అనుకుంటుండగా ఎత్తారు.

"జోయల్, యాడుండావురా? నేను అడిగేదానికి నిజం చెప్పల్ల నువ్వు..."

"జోయల్ ఈడనే ఉండాడు తల్లీ, మా తోటలో."

తొందర లేని, బరువైన గొంతు. ఓబులేసు. కంపెనీ ఓనరు చేతిలో తమ్ముడి ఫోను ఎందుకుంది? కృప కిటికీ ఊచ పట్టుకుంది.

"ఇద్దరం కూచోని ఫోన్లో ఆ గీతలే చూస్తాండాం" అన్నాడాయన. "ఇప్పుడే ఎర్రది ఎగిరింది. నువ్వేనా?"

ఆమె ఓరకంట శశికుమార్ వైపు చూసింది.

"భయపడాకు. మంచి పని చేసినావు. ఇన్నాళ్ళూ ఎవురు చేస్తారా అని చూస్తాండా. మీ తమ్ముడు నా కాడ కూచోని అంతా చెప్పినాడు. మిగిలింది నువ్వే వచ్చి వినల్ల." ఆయన ఒక్క క్షణం ఆగాడు. "శశి పక్కనే ఉండాడా? ఉంటే అవును కాదు అనేది ఏమీ చెప్పొద్దు. నేను మాట్లాడినానని వానికి తెలియనియ్యొద్దు. ఏదో ఒకటి చెప్పి, బిరీన ఆడ్నించి బయటపడు."

ఫోన్ పెట్టేశాడు. కృప ఇంకా దాన్ని చెవి దగ్గరే పట్టుకొని, వింటున్నట్టే నిలబడింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. అడుగులు తన వైపు రాలేదు. తలుపు వైపు పోయాయి.

"ఫోన్లో జోయల్ కాదు గదా. ఎవురు?" అంటూ శశికుమార్ లోపలి గడియ వేశాడు.